గుండెపోటు తరువాత జీవిత బీమా



పాస్టరు కాపురముండే ఇల్లు పాస్టరుది కాదు. అది సంఘపు ఇల్లు. సేవలో ఉన్నంత కాలము ఆ గుమ్మము ముందు మన చెప్పులు ఉంటాయి. ఆ సేవకుడు కన్ను మూస్తే, సంఘము ఎంత ప్రేమగలదైనా, కొన్ని నెలలకు క్రొత్త కాపరి సామాను అక్కడ దిగవలసిందే. ఈ సంగతి మేము పెళ్లినాటి నుండి ఎరుగుదుము. దాని బరువు తెలిసింది మాత్రము 2022 ఆగస్టులో. మా ఇద్దరిలో ఒకరికి నలభై నాలుగేళ్లకే గుండెపోటు వచ్చింది. మూడు రక్తనాళములు మూసుకుపోయాయని చెప్పి డాక్టర్లు బైపాస్ ఆపరేషను చేశారు. జబ్బు ఒకరిదే గాని, దాని వెంట వచ్చిన లెక్కలు, తిరుగుళ్లు, నిద్రలేని రాత్రులు ఇద్దరివీ. అందుకే ఈ వ్యాసమంతా 'మేము' అనే వ్రాస్తున్నాము.

మా సేవ షేక్‌పేటలో. ఒకప్పుడు గోలకొండకు వచ్చిపోయే బాటసారులు దిగిన కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇక్కడే ఉంది. ఇప్పుడు ఒక ప్రక్క జూబ్లీహిల్స్, ఒక ప్రక్క ఫిలింనగర్. 2022 జనవరి 1న ప్రారంభించిన ఫ్లైఓవరు మీద కార్లు దూసుకుపోతుంటాయి. ఆ చుట్టుప్రక్కల బస్తీలలో మా సంఘస్థులు ఉంటారు. షూటింగులలో లైట్లు మోసేవారు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు, పెద్ద ఇండ్లలో వంట చేసే సహోదరీలు, పాలమూరు నుండి వచ్చిన తాపీ మేస్త్రీలు. వీరిలో నెల జీతము చేతికి అందుకునేవారు తక్కువ. పని ఉన్న రోజే కూలి.

2023 జనవరి 27న కుప్పములో పాదయాత్రలో నడుస్తూ నటుడు నందమూరి తారకరత్న గుండె ఆగి పడిపోయారు. ఫిబ్రవరి 18న మరణించారు. ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. మా పిల్లలు పనిచేసే ఫిలింనగర్‌లో ఆ రోజులలో వేరే మాట లేదు. అప్పుడు నలుగురైదుగురు మా ఇంటికి వచ్చి "అయ్యగారూ, మేము కూడా బీమా ఏమైనా కట్టాలంటారా?" అని అడిగారు. అడిగిన వారికి జబ్బు లేదు, బీమా దొరుకుతుంది. జబ్బు ఉన్న మాకు దొరకడము లేదు. ఆ తేడా అప్పటికి మాకు బాగా తెలిసివచ్చింది.

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పాలి, ఎందుకంటే గ్రామాల నుండి వచ్చే మా బంధువులు ఈ రెంటినీ కలిపేస్తుంటారు. ఆరోగ్యశ్రీ వేరు, జీవిత బీమా వేరు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయింది. గుండె ఆపరేషను వంటి పెద్ద ఖర్చులు పేదవారి నెత్తిన పడకుండా కాపాడుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని అయిదు లక్షల నుండి పది లక్షలకు పెంచారు. అది మనిషిని బ్రతికించడానికి ఇచ్చే డబ్బు. మనిషి పోయిన తరువాత ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు అందులో నుండి పైసా రాదు. "మాకు కార్డు ఉంది కదా" అని నిశ్చింతగా ఉన్నవారిని మేము ఎందరినో చూశాము.

మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క పాత పాలసీ. 2004లో సేవకు అభిషేకము పొందిన సంవత్సరములో మామగారు పట్టుబట్టి ఎల్‌.ఐ.సి.లో కట్టించినది. రెండు లక్షలది. అప్పట్లో మూడు నెలలకొకసారి ఆ ప్రీమియము కట్టేటప్పుడు మనసులో కొంచెము విసుక్కున్నాము కూడా. ఆపరేషను అయి ఇంటికి వచ్చిన నెలలో మందుల బిల్లు, అప్పుల వడ్డీ, పిల్లవాడి కాలేజీ ఫీజు ఒక్కసారిగా మీద పడ్డాయి. మా బంధువులలో లెక్కలు బాగా తెలిసిన పెద్దమనిషి ఒకరు "అది సరెండరు చేసేయండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి" అని సలహా ఇచ్చారు. మా ఇంటివారు ఒప్పుకోలేదు. "అది ఆరోగ్యముగా ఉన్ననాడు కట్టిన పాలసీ. ఇప్పుడు పోగొట్టుకుంటే మళ్లీ ఎవరు ఇస్తారు?" అన్నారు. తన రెండు గాజులు కుదువబెట్టి ఆ విడత కట్టివచ్చారు.

ఆ మాట ఎంత సరియైనదో తరువాత ఒక్కొక్క ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే తెలిసింది. ఆరోగ్యముగా ఉన్నప్పుడు నిజము చెప్పి తీసుకున్న పాలసీ ఉన్నదనుకోండి. తరువాత గుండెపోటు వచ్చినదని కంపెనీ దానిని రద్దు చేయలేదు, ప్రీమియము పెంచలేదు. కాని మనమే కట్టడము ఆపితే కథ మారిపోతుంది. మూడు నెలలకు, ఆరు నెలలకు, సంవత్సరమునకు కట్టేవారికి గడువు దాటిన తరువాత ముప్పై రోజులు, నెలనెలా కట్టేవారికి పదిహేను రోజులు ఓపిక పడతారు. అదీ దాటితే పాలసీ పడిపోతుంది. పడిపోయిన దానిని లేపాలంటే మళ్లీ 'నేను ఆరోగ్యముగా ఉన్నాను' అని వ్రాసి ఇవ్వాలి. ఛాతీ మీద జానెడు కుట్టు ఉన్నవాడు ఆ మాట ఎలా వ్రాస్తాడు? గుండె జబ్బు వచ్చిన ఇంటిలో మొట్టమొదట వెదకవలసినది క్రొత్త పాలసీని కాదు. ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న పాత పాలసీని. డబ్బు అంతగా అవసరమైతే దాని మీద అప్పు తీసుకోవచ్చునేమో అడగండి గాని తెంపవద్దు.

రెండు లక్షలతో ఈ ఊరిలో ఒక కుటుంబము ఎన్నాళ్లు బ్రతుకుతుంది? అందుకని 2022 నవంబరులో ఒక కంపెనీకి ఇరవై అయిదు లక్షల టర్మ్ పాలసీకి దరఖాస్తు పెట్టాము. టర్మ్ అంటే పొదుపు లేని బీమా. గడువులోగా మనిషి పోతే సొమ్ము వస్తుంది, బ్రతికి ఉంటే ఏమీ రాదు. అందుకే అది చవక. ఈ చవక బీమా వెనుక మన గ్రామీణ పాఠకులు తెలుసుకోదగిన చరిత్ర ఒకటి ఉంది. ఒక కాలములో ఎల్‌.ఐ.సి. ఇటువంటి తక్కువ ఖర్చు పాలసీ ఒకదానిని ప్రభుత్వ ఉద్యోగులకు, పేరున్న సంస్థలలో జీతగాండ్రకు మాత్రమే ఇచ్చేది. రైతుకు, స్వంత పని చేసుకునేవానికి తలుపు మూసి ఉంచడము రాజ్యాంగములోని సమానత్వమునకు విరుద్ధమని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వలన జీతము లేదని ఎవరినీ పూర్తిగా బయట నిలబెట్టకూడదని తేలింది. జబ్బు ఉన్నవాని మాట మాత్రము అలాగే మిగిలింది.

మొదటి కంపెనీ "ఆపరేషను జరిగి మూడు నెలలే అయింది, సంవత్సరము గడవనివ్వండి" అని వాయిదా వేసింది. రెండవది 2023 చివరలో రెండే వాక్యముల ఉత్తరముతో కాదన్నది. ఆ ఉత్తరము చదివిన రోజు ఇంటిలో ఎవరమూ సరిగా అన్నము తినలేదు. ప్రాణము ఉండగానే మనిషిని ఎవరో లెక్కలలో నుండి కొట్టివేసినట్లు అనిపించింది.

తరువాత శాంతముగా ఆలోచిస్తే వారి లెక్క మాకు అర్థము కాకపోలేదు. బీమా అంటే ఒక కుండ. వేలమంది తలా కొంచెము పోస్తారు, ఆ సంవత్సరము కష్టము వచ్చిన ఇండ్లకు అందులో నుండి ముంచి ఇస్తారు. ఒక వయసువారిలో ఏటా ఎంతమంది పోతారో పట్టికలు ఉంటాయి. గుండె దెబ్బతిన్నవారిలో ఆ సంఖ్య ఎక్కువ. అందరి దగ్గర ఒకే మొత్తము పుచ్చుకుంటే కుండ ఎండిపోతుంది. కాబట్టి వారు నాలుగు పనులలో ఒకటి చేస్తారు. అదనపు ప్రీమియము వేస్తారు. లేదా మొదటి కొన్ని సంవత్సరములు పూర్తి సొమ్ము ఇవ్వమని షరతు పెడతారు. లేదా వాయిదా వేస్తారు. లేదా కాదంటారు. ఒక కంపెనీ కాదన్నదంటే అందరూ కాదన్నట్లు కాదు. ఒక్కొక్కరి పట్టిక ఒక్కొక్క తీరు.

వారు చూసేది ఏమిటో తెలిస్తే దరఖాస్తు పెట్టేవారికి సగము పని తగ్గుతుంది. గుండెపోటు లేక ఆపరేషను జరిగి ఎంత కాలమయింది? ఎకో పరీక్షలో గుండె ఒక్కొక్క కొట్టుకు ఎంత శాతము రక్తమును బయటికి నెడుతున్నది? ఆరోగ్యముగా ఉన్న గుండెలో అది యాభై అయిదు, అరవై ప్రాంతములో ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద నడిపించినప్పుడు ఇ.సి.జి. ఎలా ఉంది? షుగరు, బి.పి., కొలెస్టరాలు అదుపులో ఉన్నాయా? అన్నిటికంటె ముందుగా అడిగేది పొగాకు సంగతి. ఈ కాగితములన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో ఉంచాము. ఆసుపత్రి వారు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ అన్నిటికీ పైన. చాలా ఇండ్లలో ఆ కాగితమే కనబడదు.

ఇక్కడే మాకు ఒక శోధన వచ్చింది. మాకు బాగా పరిచయమున్న ఏజెంటు ఒకాయన, మంచివాడే, ఒకనాటి సాయంత్రము టీ త్రాగుతూ గొంతు తగ్గించి "అయ్యగారూ, ఆ గుండె సంగతి వ్రాయకండి. చిన్న మొత్తానికి పరీక్షలు కూడా ఉండవు. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. మేము వద్దన్నాము. మా కాపరి వృత్తి ఒక కారణము. కాని అంతకంటె పెద్ద కారణము మా కన్నుల ముందు ఉంది.

మా సంఘములో ఒక సహోదరుడు ఉండేవాడు. షూటింగులలో లైటింగు పని. రాత్రి షెడ్యూళ్లు, సిగరెట్లు, వేళకు తిండి లేకపోవడము. 2017లో ఆరోగ్యశ్రీ మీద రెండు స్టెంట్లు వేశారు. మరుసటి ఏడు ఎవరో ఒక పాలసీ కట్టించారు. ఫారము అంతా ఆ కట్టించినవారే నింపారు. గుండె జబ్బు? లేదు. ఆసుపత్రిలో చేరారా? లేదు. ఇతడు క్రింద సంతకము పెట్టాడు, అంతే. పద్నాలుగు నెలలు తప్పకుండా కట్టాడు. 2019లో ఒక తెల్లవారుజామున సెట్టు మీదనే కుప్పకూలిపోయాడు. ఆయన భార్యకు కంపెనీ నుండి మనిషి వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడి వెళ్లాడు. ఆసుపత్రి రికార్డు తీయడానికి వారికి ఎక్కువ కాలము పట్టలేదు. చివరికి ఆమె చేతికి వచ్చినది కట్టిన ప్రీమియములు మాత్రమే. ఇద్దరు ఆడపిల్లలతో ఆమె ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో రెండు ఇండ్లలో వంట చేస్తున్నది. "ఆయన అబద్ధమాడలేదు అయ్యగారూ, ఆయనకు ఆ ఫారము చదవడమే రాదు" అని ఆమె ఇప్పటికీ అంటుంది. అది నిజమని మాకూ తెలుసు.

చట్టము ఏమంటుందో వ్రాస్తాము. 1938 నాటి బీమా చట్టములో నలభై అయిదవ సెక్షను ఉంది. 2015లో దానిని సవరించారు. పాలసీ మొదలైన మూడు సంవత్సరములలోగా అయితే, ముఖ్యమైన సంగతి దాచిపెట్టారని కంపెనీ పాలసీని ప్రశ్నించవచ్చు. మోసము కాదు, దాపరికము మాత్రమే అని తేలితే అప్పటిదాకా కట్టిన ప్రీమియములు తొంభై రోజులలో తిరిగి ఇవ్వాలి. మూడేళ్లు దాటిన తరువాత ఏ కారణము మీదనూ ప్రశ్నించడానికి వీలులేదు. ఈ చివరి మాట పట్టుకుని "మూడేళ్లు నెట్టుకొస్తే చాలు" అనే ఏజెంట్లు ఉన్నారు. మూడేళ్లు బ్రతుకుతామని వ్రాసి ఇచ్చేవాడు ఎవడు? ఫారము వేరొకరు నింపారనే వాదన కూడా నిలవదు. 2019లో గుజరాతుకు చెందిన ఒక కుటుంబపు కేసులో, సంతకము పెట్టినవాడు అందులో ఉన్నదానికి బాధ్యుడే అని సుప్రీంకోర్టు తేల్చింది. కఠినమైన తీర్పే. చదువురాని ప్రజలున్న దేశములో ఇది ఇంకా కఠినము అని మా అభిప్రాయము.

అయితే నిజము చెప్పినవానికి అదే కోర్టు అండగా నిలబడింది. తనకు షుగరు ఉన్నదని ముందే చెప్పి వైద్య బీమా తీసుకుని అమెరికా వెళ్లిన ఒకాయనకు అక్కడ దిగగానే గుండెపోటు వచ్చింది. కంపెనీ డబ్బు ఇవ్వనన్నది. జబ్బు సంగతి తెలిసి పాలసీ ఇచ్చిన తరువాత ఆ జబ్బునే సాకుగా చూపడానికి వీలులేదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షముగా తీర్పు చెప్పింది. అది జీవిత బీమా కేసు కాకపోయినా మాకు ఎంతో ధైర్యమిచ్చింది. 'వారికి అంతా చెప్పాము, తెలిసే ఇచ్చారు' అనే మాట మన కుటుంబము చేతిలో ఉంటే, రేపు ఆఫీసు ముందు నిలబడే భార్యకు అదే బలము.

2024 మార్చిలో మూడవ కంపెనీకి ఫైలు అంతా ఇచ్చాము. ఆపరేషను తేదీ, పోయిన నాళములెన్ని, మింగే మాత్రలేవి, ఏదీ వదలలేదు. రెండు సంస్థలు కాదన్న సంగతి కూడా వ్రాశాము, ఎందుకంటే ఫారములో ఆ ప్రశ్న ఉంటుంది. మళ్లీ రక్తపరీక్షలు, మళ్లీ ట్రెడ్‌మిల్. నెలన్నర తరువాత జవాబు వచ్చింది. అడిగిన ఇరవై అయిదు కాదు, పది లక్షలకు మాత్రము ఇస్తారట. మా వయసులో ఆరోగ్యవంతునికి అయిదు వేల చిల్లర అయ్యేచోట మాకు పన్నెండు వేలు, పైన పన్ను. ఇది న్యాయమా అని ఒక రాత్రి కూర్చుని వాదించుకున్నాము. చివరకు నెలకు వెయ్యి రూపాయలని విడగొట్టి చూస్తే, ఆదివారము మాంసము మానితే సరిపోతుందని మా ఇంటివారు తేల్చారు. గుండె డాక్టరు కూడా అదే చెప్పాడు గనుక ఆ ఖర్చు రెండు విధములుగా కలిసివచ్చింది! ఆ తరువాత 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత బీమా మీద జి.ఎస్‌.టి. పూర్తిగా తీసివేశారు. మాకు సంవత్సరమునకు రెండు వేల పైచిలుకు తగ్గింది. అదనపు ప్రీమియము కట్టేవారికే ఈ మేలు ఎక్కువ.

పరీక్షలు లేని మార్గములు కూడా ఉన్నాయి. మన పాఠకులలో చాలమందికి అవే ఎక్కువ పనికివస్తాయి.

ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా 2015లో వచ్చింది. బ్యాంకు ఖాతా ఉండి, పద్దెనిమిది నుండి యాభై ఏళ్లలోపు వారు చేరవచ్చు. యాభై అయిదు వరకు సాగుతుంది. మొదట 330 రూపాయలు ఉండేది, 2022 జూన్ నుండి 436. ఏ కారణముతో పోయినా రెండు లక్షలు. వైద్య పరీక్ష లేదు. క్రొత్తగా చేరినవారికి మొదటి ముప్పై రోజులు, ప్రమాద మరణము తప్ప వేరే మరణమునకు వర్తించదు. ఎన్ని బ్యాంకులలో కట్టినా ఒక్కసారే ఇస్తారు. మేమిద్దరము మొదటి సంవత్సరములోనే చేరాము. యాభై దాటితే తలుపు మూసినట్లే గనుక నలభై తొమ్మిదిలో ఉన్నవారు ఈ నెల జీతముతోనే బ్యాంకుకు వెళ్లండి.

తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకము ఉండి, పద్దెనిమిది నుండి యాభై తొమ్మిది మధ్య వయసున్న రైతుకు 2018 ఆగస్టు నుండి రైతు బీమా ఉంది. అయిదు లక్షలు. ప్రీమియము ప్రభుత్వమే ఎల్‌.ఐ.సి.కి కడుతుంది. గుండె ఎలా ఉందని ఎవరూ అడగరు. మా స్వగ్రామములో గుండె జబ్బుతో పోయిన ఒక చిన్న రైతు ఇంటికి ఆ సొమ్ము వచ్చింది. ఆయనకు ఎకరము పది గుంటలు. బయట ఏ కంపెనీ అయినా ఆయన ముఖము చూసి ఉండేదా? కౌలు రైతుకు మాత్రము ఇది వర్తించదు. భూమి తన పేరున లేనందుకు చావులో కూడా లెక్కలోకి రాకపోవడము మాకు బాధగా ఉంటుంది. నామినీగా పెట్టిన తల్లి ఎప్పుడో చనిపోయి, పేరు మార్చక కాగితాల కోసము తిరుగుతున్న కోడళ్లను కూడా చూశాము. వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర ఒకసారి పేరు సరిచూసుకోండి.

ప్రావిడెంటు ఫండు కోత ఉన్న ఉద్యోగమైతే, దానితోపాటు 1976 నుండి ఉన్న ఒక బీమా కూడా ఉంటుంది. ఉద్యోగములో ఉండగా చనిపోతే 2021 నుండి గరిష్ఠముగా ఏడు లక్షల వరకు వస్తుంది. ఉద్యోగి జీతములో నుండి దానికి కోత లేదు, ఆరోగ్యపు ప్రశ్న లేదు. సెక్యూరిటీ గార్డులుగా, ఆఫీసులలో హౌస్‌కీపింగు పనిలో ఉన్న మా సంఘస్థులలో చాలమందికి ఇది ఉన్నదని తెలియదు. జీతపు చీటీలో పి.ఎఫ్. అనే గడి చూడండి.

బృంద బీమా కూడా అటువంటిదే. మా సంఘముల సమాఖ్య సేవకులందరి పేర ఒకే పాలసీ తీసుకుంది. గుంపు మొత్తమును చూసి ఇస్తారు గనుక ఒక పరిమితి వరకు ఎవరి జబ్బునూ విడిగా అడగరు. మాకు అందులో మూడు లక్షలు ఉంది. సేవలో ఉన్నంత వరకే, బయటికి వస్తే పోతుంది. మేస్త్రీల సంఘములు, యూనియన్లు కూడా తమ సభ్యులకు ఇలా తీసుకోవచ్చునేమో విచారించాలి. టి.వి.లో 'పరీక్షలు లేవు, ప్రశ్నలు లేవు' అని వచ్చే ప్రకటనలతో మాత్రము జాగ్రత్త. వాటిలో కొన్నిటికి మొదటి సంవత్సరములలో జబ్బుతో పోతే కట్టినది మాత్రమే తిరిగి ఇస్తామనే చిన్న అక్షరముల షరతు ఉంటుంది. పాలసీ చేతికి వచ్చిన ముప్పై రోజులలో చదివి, నచ్చకపోతే వాపసు చేసే హక్కు ఉంది.

సంఘ పెద్దలలో ఒకరు, భక్తిపరుడు, మమ్ములను సూటిగానే అడిగారు. "అయ్యగారూ, మాకు విశ్వాసము బోధించి మీరు బీమా ఆఫీసుల చుట్టూ తిరగడమేమిటి?" కోపము రాలేదు. ఆయనకు స్కాట్లాండు పాస్టర్ల సంగతి చెప్పాము. అక్కడ కూడా పాస్టరు చనిపోతే కుటుంబము సంఘపు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చేది. రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు బోధకులు, ఏటా ఎందరు పాస్టర్లు పోతున్నారు, ఎందరు విధవరాండ్రు మిగులుతున్నారు అని సంఘముల నుండి లెక్కలు తెప్పించారు. ఎడిన్‌బరోలోని గణిత ఆచార్యుడు కాలిన్ మెక్లారిన్ ఆ లెక్కలు సరిచూశాడు. ప్రతి పాస్టరు ఏటా కొంత కట్టి, పోయినవారి భార్యాబిడ్డలను పోషించే నిధి 1744లో మొదలయింది. లెక్క మీద నిలబెట్టిన జీవిత బీమాకు అది తొలి మెట్లలో ఒకటి. ఎనభై ఏళ్ల తరువాత, 1824లో, లండన్‌లో పాస్టర్లకు, డాక్టర్లకు అని ప్రారంభించిన ఒక బీమా సంఘము పూర్తి ఆరోగ్యము లేనివారిని కూడా ఎక్కువ ప్రీమియము మీద చేర్చుకుంది. మన తెలుగు నేల మీద 1925లో బందరులో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కూర్చినప్పుడు ఐగుప్తులో ఎవరూ దానిని అవిశ్వాసమనలేదు కదా అని కూడా అన్నాము. ఆయన నవ్వి, పూర్తిగా ఒప్పుకోకుండానే వెళ్లారు. మరుసటి వారము తన పాసుపుస్తకము తెచ్చి నామినీ పేరు చూడమన్నారు.

అప్పుల మాట ఒకటి మిగిలింది. గుండె ఆపరేషను అయిన ఇంటిలో అప్పు ఉండక తప్పదు. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము ఆరవ సెక్షను క్రింద భార్యాబిడ్డల పేర వ్రాయిస్తే, ఆ సొమ్ము భర్తకు అప్పిచ్చినవారి చేతికి పోదు. తరువాత మార్చుకుందామంటే కుదరదు. ఒక కాగితము అదనముగా ఇవ్వాలి, అంతే. ఏజెంట్లు సాధారణముగా ఈ మాట చెప్పరు. మా పది లక్షల పాలసీని అలాగే వ్రాయించాము. క్లెయిము విషయములో అన్యాయము జరిగిందనుకుంటే ముందు కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయాలి. నెల దాటినా జవాబు లేకపోయినా, నచ్చని జవాబు వచ్చినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. యాభై లక్షల వరకు తగవులు వింటారు. బీమా నియంత్రణ సంస్థ కేంద్ర కార్యాలయము కూడా మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. వారి ఫిర్యాదుల ఫోను నంబరు 155255.

ఇంకొక పని చేశాము. ఇంతవరకు ఇంటిలో ఎవరికీ తోచనిది. మా ఇంటివారి పేర ఒక టర్మ్ పాలసీ తీసుకున్నాము. ఆమె ఆరోగ్యముగా ఉన్నారు, ఒక స్కూలులో పాఠాలు చెబుతున్నారు. ఒక పూట పరీక్షలతో, మాకు వేసిన ధరలో సగముకంటె తక్కువకు, ఎక్కువ మొత్తమునకు ఇచ్చారు. గుండె జబ్బు ఉన్న ఇంటిలో అందరూ జబ్బు మనిషినే చూస్తారు. ఆ ఇంటిని మోస్తున్న రెండవ మనిషికి ఏమైనా అయితే పిల్లల గతి ఏమిటని అడగరు.

మొత్తము కూడితే పాత పాలసీ రెండు లక్షలు, దాని బోనసు, సమాఖ్యది మూడు, జీవన జ్యోతి రెండు, క్రొత్తది పది. ఒక చిన్న ఇంటికి బయానా, ఇద్దరు పిల్లల చదువు ముగిసే వరకు అద్దె. ఈ లెక్క ఒక నోటుబుక్కులో వ్రాసి, పాలసీ నంబర్లు, బ్యాంకు బ్రాంచి, ఎవరిని కలవాలి అన్నది మా పెద్దవాడికి చదివి వినిపించాము. వాడు "ఇవన్నీ ఇప్పుడెందుకు నాన్నగారూ" అంటూనే విన్నాడు. మే నెల చివరి వారములో బ్యాంకు వారు జీవన జ్యోతికి 436, ప్రమాద బీమాకు 20 కోసుకుంటారు. ఆ వారము ఇద్దరి ఖాతాలలోనూ 456 రూపాయలకు తక్కువ కాకుండా చూసే పని ఇప్పుడు వాడిదే.